ఒకే జబ్బుకు ఒక ఆసుపత్రి: మేలెంత, మెలిక ఎక్కడ?

కెనడాలో టొరంటో నగరాన్ని ఆనుకొని షోల్డైస్ అనే ఆసుపత్రి ఒకటుంది. అక్కడ గుండెపోటుకు వైద్యం చెయ్యరు. కాన్పులు చెయ్యరు. విరిగిన కాలికి కట్టు కూడా కట్టరు. పొట్ట కండరాల్లో పలచబడ్డ చోటు నుంచి పేగు బయటికి పొడుచుకొస్తుందే, ఆ హెర్నియాకు మాత్రమే ఆపరేషన్ చేస్తారు. ఎడ్వర్డ్ ఎర్ల్ షోల్డైస్ అనే సర్జన్ 1945లో మొదలుపెట్టిన నాటి నుంచీ అదొక్కటే పని. అక్కడి సర్జన్లు ఒక్కొక్కరు ఏడాదికి వందల కొద్దీ హెర్నియాలు సరిచేస్తారు. మామూలు ఆసుపత్రిలో పనిచేసే సర్జన్‌కు అన్ని కేసులు చేతికి రావాలంటే ఏళ్లు పడుతుంది.

1993 నుంచి 2007 దాకా ఒంటారియో రాష్ట్రంలో గజ్జల్లో హెర్నియాకు ఆపరేషన్ చేయించుకున్న దాదాపు 2.35 లక్షల మంది రికార్డులను పరిశోధకులు పోల్చి చూశారు. మామూలు ఆసుపత్రుల్లో చేయించుకున్నవాళ్లలో సుమారు 5 శాతం మందికి హెర్నియా తిరగబెట్టి మళ్లీ ఆపరేషన్ అయింది. షోల్డైస్‌లో అది 1.15 శాతమే. ఈ లెక్కలోనే ఇంకో సంగతి దాగి ఉంది. మామూలు ఆసుపత్రుల్లో అతి తక్కువ హెర్నియాలు చేసేవాటిని విడిగా చూస్తే 5.21 శాతం, అతి ఎక్కువ చేసేవాటిని చూస్తే 4.79 శాతం. కేసుల సంఖ్య పెరిగినంత మాత్రాన ఫలితం పెద్దగా మారలేదు. ఒకే పనికి కట్టుబడ్డ చోట మాత్రం బాగా మారింది.

ఇంతటితో ఆగితే స్పెషాలిటీ ఆసుపత్రే సరైన దారి అని తేల్చేయవచ్చు. కానీ షోల్డైస్‌కు ఒక నియమం ఉంది. బరువు ఎక్కువున్నవాళ్లు ముందు బరువు తగ్గి రావాలి. ఇతర జబ్బులు తీవ్రంగా ఉండి, ఆపరేషన్ సమయంలో ప్రాణం మీదికి వచ్చే అవకాశం ఉన్నవాళ్లను పెద్ద ఆసుపత్రికి వెళ్లమంటారు. వైద్యపరంగా ఇది తప్పేమీ కాదు, మంచి జాగ్రత్త కూడా. కాకపోతే ఆ 1.15 శాతంలో చెయ్యి తిరిగిన సర్జన్ల వాటా ఎంత, ఏరి చేర్చుకున్న పేషెంట్ల వాటా ఎంత అన్న ప్రశ్న మిగిలిపోతుంది. ఆసుపత్రుల స్పెషలైజేషన్ మీద గత నలభై, యాభై ఏళ్లలో జరిగిన చర్చంతా ఒక రకంగా ఈ ప్రశ్న చుట్టూ తిరిగినదే.

ముందుగా రెండు మాటలను విడదీసి పెట్టుకోవాలి. ఒక ఆసుపత్రి ఏడాదికి ఎన్ని గుండె ఆపరేషన్లు చేస్తుందన్నది సంఖ్య. దాని మొత్తం పనిలో గుండె ఆపరేషన్ల వాటా ఎంత అన్నది ఏకాగ్రత. వెయ్యి పడకల పెద్దాసుపత్రికి సంఖ్య భారీగా ఉండి ఏకాగ్రత ఏమాత్రం ఉండకపోవచ్చు. ముప్పై పడకల చిన్న గుండె ఆసుపత్రికి ఏకాగ్రత నూటికి నూరు శాతం ఉండి సంఖ్య అంతంత మాత్రమే కావచ్చు. పత్రికల్లోనూ ఆసుపత్రుల ప్రకటనల్లోనూ ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు. చాలా గందరగోళం అక్కడే పుడుతుంది.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆలోచన

ఈ ఆలోచన మొదట వైద్యరంగంలో పుట్టలేదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ విక్‌హామ్ స్కిన్నర్ 1974లో ఫ్యాక్టరీల గురించి రాస్తూ, అన్ని రకాల సరుకులూ ఒకే కప్పు కింద తయారుచేసే కర్మాగారం దేన్నీ సరిగ్గా చెయ్యలేదని వాదించాడు. కొద్ది రకాలకు పరిమితమై, యంత్రాలు, మనుషులు, కొలతలు అన్నీ ఆ కొద్దిపాటి పనికే అమర్చుకున్న ఫ్యాక్టరీ ముందుకు పోతుందన్నాడు. అదే విద్యాసంస్థకు చెందిన రెజీనా హెర్జ్‌లింగర్ 1990ల్లో ఈ మాటను ఆసుపత్రులకు అన్వయించింది. అన్ని జబ్బులూ చూసే జనరల్ ఆసుపత్రి తీరు పాతబడిందనీ, ఒక్కో జబ్బు చుట్టూ సంస్థలు కట్టుకోవాలనీ ఆమె వాదన.

ఆ ఆలోచన ఎంత దూరం పోగలదో చూడాలంటే మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రిని చూడాలి. గోవిందప్ప వెంకటస్వామి 1976లో 11 పడకలతో దాన్ని మొదలుపెట్టాడు. కంటిశుక్లం ఆపరేషన్‌లో డాక్టర్ చెయ్యే తప్పనిసరిగా పడాల్సిన భాగం కొద్ది నిమిషాలే. మిగతాదంతా పేషెంట్‌ను సిద్ధం చెయ్యడం, కొలతలు తియ్యడం, చుక్కలు వెయ్యడం, పరికరాలు అందించడం, తర్వాత కట్టు వేసి పంపడం. అరవింద్‌లో ఈ పనులన్నీ ప్రత్యేకంగా శిక్షణ పొందిన సిబ్బంది చేస్తారు. సర్జన్ దగ్గర రెండు బల్లలుంటాయి. ఒక బల్ల మీద ఆపరేషన్ ముగిసేసరికి రెండో బల్ల మీద ఇంకొకరు సిద్ధంగా ఉంటారు. మైక్రోస్కోప్‌ను అటు తిప్పుకోవడమే. కంట్లో అమర్చే కృత్రిమ కటకాల ధర భారంగా ఉందని 1992లో అరోల్యాబ్ పేరుతో సొంతంగా తయారీ కూడా మొదలుపెట్టారు. పేషెంట్లలో పెద్ద భాగానికి ఉచితంగానో నామమాత్రపు రుసుముకో వైద్యం చేస్తూనే సంస్థ తన కాళ్ల మీద తాను నిలబడింది.

అయితే కంటిశుక్లం ఎలాంటి పనో కూడా గమనించాలి. ఆపరేషన్ చిన్నది. ఒకరికీ ఇంకొకరికీ తేడా తక్కువ. ఎంతసేపు పడుతుందో ముందే తెలుసు. మామూలుగా అయితే రాత్రికి ఐసీయూ అక్కర్లేదు. ఇలాంటి పనికి ఫ్యాక్టరీ పద్ధతి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. అదే పద్ధతిని ఎక్కడికైనా పట్టుకుపోవచ్చని అనుకున్నప్పుడే చిక్కు మొదలవుతుంది. పొట్టలో చీము పట్టి, షుగర్ అదుపు తప్పి, కిడ్నీలు మొరాయిస్తున్న పేషెంట్‌కు రెండు బల్లల పద్ధతి ఏం చేస్తుంది?

చెయ్యి తిరగడం అంటే ఎవరి చెయ్యి?

ఎక్కువసార్లు చేస్తే బాగా చేస్తారన్నది అందరికీ తెలిసిన మాటే. ఆసుపత్రుల విషయంలో దాన్ని లెక్కలతో చూపించిన తొలి పెద్ద అధ్యయనం 1979 నాటిది. హెరాల్డ్ లుఫ్ట్, జాన్ బంకర్, అలైన్ ఎన్తోవెన్ అమెరికాలో 1,498 ఆసుపత్రుల్లో జరిగిన 12 రకాల ఆపరేషన్లను పరిశీలించారు. ఓపెన్ హార్ట్ సర్జరీ, రక్తనాళాల సర్జరీ వంటి కొన్ని ఆపరేషన్లను ఏడాదికి 200 కన్నా ఎక్కువ చేసే చోట మరణాలు 25 నుంచి 41 శాతం తక్కువని తేలింది. కొన్నింటిలో మాత్రం సంఖ్యతో అంత సంబంధం కనిపించలేదు.

2002లో జాన్ బర్క్‌మేయర్ బృందం ఇంకా పెద్ద లెక్క తీసింది. అమెరికాలో ముఖ్యంగా వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే బీమా మెడికేర్ కింద జరిగిన 25 లక్షల ఆపరేషన్లు, 14 రకాలు. క్లోమ గ్రంథిలో కొంత భాగం తీసేసే ఆపరేషన్‌లో అతి తక్కువ చేసే ఆసుపత్రుల్లో 16.3 శాతం మంది చనిపోతే, అతి ఎక్కువ చేసేవాటిలో 3.8 శాతం. ప్రాణానికి సంబంధించినంత వరకు ఇది మామూలు తేడా కాదు. అదే అధ్యయనంలో మెడ రక్తనాళంలో పేరుకున్న కొవ్వు తీసే ఆపరేషన్ కూడా ఉంది. అక్కడ తేడా 1.7కూ 1.5కూ మధ్య. కాబట్టి స్పెషలైజేషన్ మంచిదా కాదా అని గంపగుత్తగా అడిగితే జవాబు దొరకదు. ఏ ఆపరేషన్‌కు అన్నది తేల్చుకున్నాకే మాట్లాడాలి.

సంఖ్య పెరిగితే నైపుణ్యం పెరుగుతుందా, నైపుణ్యం ఉందని తెలిసి జనం అక్కడికే పోతే సంఖ్య పెరుగుతుందా? రెండూ కొంత కొంత జరుగుతాయి. ఈ ముడిని పూర్తిగా విప్పడం కష్టం. కానీ అంతకన్నా ఆసక్తికరమైన ప్రశ్న ఇంకోటుంది. ఆ నైపుణ్యం ఎక్కడ ఉంటుంది? సర్జన్ వేళ్లలోనా?

రాబర్ట్ హక్‌మన్, గ్యారీ పిసానో 2006లో ప్రచురించిన అధ్యయనం దీనికి చక్కని దారి కనిపెట్టింది. పెన్సిల్వేనియాలో గుండె సర్జన్లు చాలామంది ఒకే కాలంలో రెండు మూడు ఆసుపత్రుల్లో ఆపరేషన్లు చేస్తుంటారు. నైపుణ్యం పూర్తిగా సర్జన్‌దే అయితే ఎక్కడ ఎన్ని చేసినా అన్ని చోట్లా ఫలితం మెరుగుపడాలి. అలా జరగలేదు. ఒక ఆసుపత్రిలో ఎక్కువ చేస్తే ఆ ఆసుపత్రిలోనే మరణాలు తగ్గాయి. అదే సర్జన్ వేరే చోట చేసిన ఆపరేషన్లకు ఆ లాభం అందలేదు. మత్తు డాక్టర్ ఎవరు, ఏ పరికరం ఏ అరలో ఉంటుంది, బీపీ పడిపోతుంటే నోరు తెరిచి అడగకముందే చెయ్యి కదిపే నర్సు ఎవరు... ఇవన్నీ కలిస్తేనే ఆ చెయ్యి తిరిగిన చెయ్యి. పేరున్న సర్జన్‌ను వారానికి ఒకసారి రప్పించి, బోర్డు మీద ఆయన ఫొటో పెట్టుకునే ఆసుపత్రులకు ఇది అంత రుచించే విషయం కాదు.

ఇంకో అధ్యయనం ఈ ఆలోచనను మరో మెట్టు పైకి తీసుకుపోయింది. అమీర్ గఫేరీ, బర్క్‌మేయర్, జస్టిన్ డిమిక్ 2009లో పెద్ద ఆపరేషన్ల తర్వాత మరణాలు తక్కువున్న ఆసుపత్రులనూ ఎక్కువున్న ఆసుపత్రులనూ పక్కపక్కన పెట్టి చూశారు. మంచి ఆసుపత్రుల్లో కాంప్లికేషన్లే తక్కువగా ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. వాటిలో 26.9 శాతం మందికి ఏదో ఒక కాంప్లికేషన్ వచ్చింది. మరణాలు ఎక్కువున్న చోట 24.6 శాతం. దగ్గర దగ్గర సమానమే. అసలు తేడా ఆ తర్వాత కనిపించింది. పెద్ద కాంప్లికేషన్ వచ్చినవాళ్లలో మంచి ఆసుపత్రుల్లో 12.5 శాతం మంది చనిపోతే, మిగతా చోట్ల 21.4 శాతం. అంటే కష్టం రెండు చోట్లా ఒకేలా వస్తోంది. వచ్చాక దాన్ని ఎంత తొందరగా పసిగట్టి, ఎలా గట్టెక్కించారన్నదే ప్రాణాన్ని నిలబెడుతోంది.

గట్టెక్కించాలంటే ఏం కావాలి? రాత్రి రెండింటికి ఐసీయూలో డాక్టర్ ఉండాలి. స్కాన్ తియ్యాలి. రక్తం దొరకాలి. గుండె లయ తప్పితే కార్డియాలజిస్టు, మూత్రం తగ్గిపోతే కిడ్నీ డాక్టర్, ఇన్ఫెక్షన్ ముదిరితే ఏ మందు ఇవ్వాలో తెలిసినవాళ్లు అందుబాటులో ఉండాలి. ఇదంతా ఒకే పని చేసే చిన్న ఆసుపత్రిలో ఉండేది కాదు. ఆపరేషన్ బాగా చెయ్యడానికి ఏకాగ్రత పనికొస్తే, ఆపరేషన్ తర్వాత కాపాడటానికి విస్తృతి పనికొస్తుంది. స్పెషలైజేషన్ వాదంలో చాలామంది దాటవేసేది సరిగ్గా దీన్నే.

మీగడ ఎవరికి, మజ్జిగ ఎవరికి?

అమెరికాలో 1990ల చివర, 2000ల మొదట్లో డాక్టర్లే వాటాదారులుగా గుండె ఆసుపత్రులు, ఎముకల ఆసుపత్రులు, సర్జికల్ ఆసుపత్రులు పుట్టగొడుగుల్లా లేచాయి. జనరల్ ఆసుపత్రులు గగ్గోలు పెట్టాయి. ఆ డాక్టర్లు లాభమొచ్చే తేలిక కేసులను సొంత ఆసుపత్రులకు పంపుకొని, బరువైన కేసులను తమ నెత్తిన పడేస్తున్నారని వాటి ఫిర్యాదు. 2003లో వచ్చిన చట్టం డాక్టర్లు తమకు వాటా ఉన్న కొత్త స్పెషాలిటీ ఆసుపత్రులకు మెడికేర్ పేషెంట్లను పంపడం మీద 18 నెలల నిషేధం విధించి, మెడికేర్ సలహా సంఘాన్ని లోతుగా చూడమంది.

2005లో ఆ సంఘం ఇచ్చిన నివేదిక రెండు వర్గాలకూ పూర్తిగా నచ్చలేదు. స్పెషాలిటీ ఆసుపత్రుల్లో పేషెంట్లు తక్కువ రోజులు ఉండి ఇంటికి వెళ్తున్నారు, నిజమే. కానీ ఒక్కో కేసుకు అయ్యే ఖర్చు తక్కువని తేలలేదు. చేరేవాళ్లు జనరల్ ఆసుపత్రుల పేషెంట్లకన్నా ఆరోగ్యంగా ఉన్నారు. పేదలకిచ్చే ప్రభుత్వ బీమా ఉన్నవాళ్లు తక్కువ. లాభమెక్కువ వచ్చే కేసులు ఎక్కువ. 2008లో అచ్చయిన మరో పోలికలో గుండె ఆసుపత్రుల ఖర్చు జనరల్ ఆసుపత్రులతో సమానంగానే ఉంది. ఎముకల, సర్జికల్ ఆసుపత్రుల ఖర్చు ఇంకా ఎక్కువ.

రోజులు తగ్గితే ఖర్చు తగ్గాలి కదా, ఎందుకు తగ్గలేదు? ఆసుపత్రి ఖర్చులో పెద్ద భాగం పేషెంట్ ఉన్నా లేకున్నా నడిచేదే. థియేటర్, యంత్రాలు, షిఫ్టుల్లో సిబ్బంది, కట్టిన భవనం మీద వడ్డీ. చిన్న ఆసుపత్రిలో ఇదంతా కొద్దిమంది పేషెంట్ల మీదే పడుతుంది. పోటీలో నిలవడానికి విడి గదులు, ఎక్కువమంది నర్సులు, కొత్త పరికరాలు పెడతారు. పేషెంట్‌కు హాయిగా ఉంటుంది, తప్పు లేదు. కానీ చవక కాదు. ఒకే పని చేస్తే చవకవుతుందన్న సూత్రం పనిచెయ్యాలంటే ఆ పని అరవింద్‌లో లాగా వెల్లువలా రావాలి.

అసలు మూలం చెల్లింపు పద్ధతిలో ఉంది. ప్రతి జబ్బుకూ ఒక సగటు ధర కట్టి ఇస్తే, ఆ గుంపులో తేలిక కేసు మీద మిగులుతుంది, బరువైన కేసు మీద పోతుంది. ఇక ఏరుకోవడం తెలివైన వ్యాపారం అవుతుంది. జనరల్ ఆసుపత్రి గుండె ఆపరేషన్ల మీద మిగిలిన డబ్బుతోనే ఎమర్జెన్సీనీ, కాలిన గాయాల వార్డునూ, మానసిక చికిత్స విభాగాన్నీ నడుపుతుంటుంది. పైనున్న మీగడ ఒకరు తీసుకుపోతే అడుగున మిగిలిన పల్చటి మజ్జిగతో ఇవన్నీ నడవాలి. అమెరికా 2008 ఆర్థిక సంవత్సరం నుంచి జబ్బు తీవ్రతను బట్టి ధర మారేలా చెల్లింపు గుంపులను తిరగరాసింది. స్పెషాలిటీ ఆసుపత్రులను నిషేధించడం కన్నా ఇదే తెలివైన పని అనిపిస్తుంది. ఏరుకుంటే లాభం లేకుండా చేస్తే ఏరుకోవడం దానంతటదే తగ్గుతుంది. అయినా 2010 ఆరోగ్య చట్టం డాక్టర్ల యాజమాన్యంలో కొత్త ఆసుపత్రులు మెడికేర్ బిల్లులు పెట్టుకోకుండా తలుపు మూసేసింది.

దానికి కారణాలు లేకపోలేదు. గుండె ఆసుపత్రి తెరిచిన ప్రాంతాల్లో గుండె ఆపరేషన్లు, స్టెంట్లు వేయడం మిగతా ప్రాంతాలకన్నా వేగంగా పెరిగాయని 2007లో ఒక అధ్యయనం చూపించింది. ఊళ్లో జబ్బు అంత వేగంగా పెరగదు. ఒక్కో కేసు ఖర్చు ఎంత తగ్గినా, అవసరం లేని కేసులు కలిస్తే మొత్తం ఖర్చు పెరగక మానదు. అమెరికా ఆరోగ్య శాఖ తనిఖీ విభాగం 2008లో డాక్టర్ల యాజమాన్యంలోని 109 స్పెషాలిటీ ఆసుపత్రులను పరిశీలిస్తే, వాటిలో మూడో వంతు కూడా అన్ని వేళలా డాక్టర్‌ను ఆవరణలో ఉంచుకోవడం లేదు. మూడింట రెండు వంతుల ఆసుపత్రులు తమ పేషెంట్‌కు ఎమర్జెన్సీ వస్తే 911కు ఫోన్ చేసి అంబులెన్స్ పిలవడాన్ని తమ పద్ధతిలో భాగంగా పెట్టుకున్నాయి. ఆసుపత్రి నుంచి అంబులెన్స్‌కు ఫోన్! కాంప్లికేషన్ వచ్చాక గట్టెక్కించడం గురించి పైన చెప్పిన సంగతి ఇక్కడ కళ్లకు కడుతుంది.

బోర్డు మారక్కర్లేదు, దారి మారాలి

ఏరుకోవడం ప్రభావాన్ని లెక్కలోంచి తీసేస్తే ఏకాగ్రత లాభం ఏమైనా మిగులుతుందా? దివాస్ కేసీ, క్రిస్టియన్ టెర్‌వీష్ 2011లో కాలిఫోర్నియా గుండె పేషెంట్ల మీద చేసిన పని ఈ ప్రశ్నకు ఇప్పటిదాకా వచ్చిన జవాబుల్లో మేలైనది. పైపైన చూస్తే గుండె మీద దృష్టి పెట్టిన ఆసుపత్రుల్లో మరణాలు తక్కువ, డిశ్చార్జి త్వరగా. తేలిక కేసులను ఏరుకోవడాన్ని సర్దుబాటు చేశాక ఆసుపత్రి స్థాయిలో ఆ లాభం చాలావరకు కరిగిపోయింది. కానీ ఆసుపత్రి లోపల విభాగం స్థాయిలో, చికిత్స నడిచే క్రమం స్థాయిలో ఏకాగ్రత చూపినచోట పేషెంట్ త్వరగా ఇంటికి వెళ్లే లాభం నిలిచింది.

దీన్ని మామూలు మాటల్లో చెప్పుకుంటే, ఆసుపత్రి మొత్తం ఒకే పనికి మళ్లక్కర్లేదు. పెద్ద ఆసుపత్రిలోనే మోకీలు మార్పిడికి ఒక ప్రత్యేక థియేటర్, ఒక బృందం, ఒక వార్డు, ఒకే వరుసక్రమం ఉంటే చాలు. పక్క వార్డులోనే కార్డియాలజిస్టు ఉంటాడు. జొనాథన్ క్లార్క్, హక్‌మన్ 2012లో చూపింది దీనికి తోడైంది. గుండె విభాగం మీద దృష్టి పెట్టడం వల్ల వచ్చే మేలు, దానికి దగ్గరి సంబంధమున్న ఇతర విభాగాలు కూడా బలంగా ఉన్నప్పుడు ఇంకా పెరుగుతుంది.

ముందే తేదీ ఇచ్చి చేసే ఆపరేషన్లను ఎమర్జెన్సీల నుంచి వేరు చెయ్యడం ఇంకో దారి. ఇందులో వైద్యం కన్నా క్యూ లెక్క ఎక్కువ. రోడ్డు ప్రమాదాలు వేళాపాళా చూసి జరగవు. అవి వచ్చే థియేటర్‌లోనే తుంటి మార్పిడులు కూడా పెడితే, ఒక్క ప్రమాదం నాలుగు తేదీలను రద్దు చేస్తుంది. పేషెంట్ పొద్దుట్నుంచి పస్తుండి, టెన్షన్ పడి, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవాలి. రద్దులు వస్తాయని థియేటర్‌ను ఖాళీగా ఉంచితే ఖర్చు. నింపితే రద్దు. ఫిన్లాండ్‌లోని తంపెరెలో 2002లో తెరిచిన కోక్సా అనే కీళ్ల ఆసుపత్రి, లండన్ నైరుతి ప్రాంతానికి 2004 నుంచి ఎప్సమ్‌లో నడుస్తున్న కీళ్ల ఆపరేషన్ల కేంద్రం ఈ ముడిని విప్పడానికి పుట్టినవే. రెండోది ఒక ఆసుపత్రి ఆవరణలోనే ఉంటుంది, చుట్టుపక్కల ప్రభుత్వ ఆసుపత్రులు కలిసి నడుపుకుంటాయి. పేషెంట్లను లాక్కోవడానికి ఎవరూ పెట్టింది కాదు కాబట్టి మీగడ గొడవ అంతగా లేదు. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ, యాజమాన్యం ఎవరిది అన్నదే ఒక్కోసారి అన్నిటికన్నా పెద్ద తేడా.

పంచుకోవడం ఊరి స్థాయిలో

ఇదే పనిని ఒక నగరమంతా కలిపి చేస్తే ఎలా ఉంటుందో పక్షవాతం చూపించింది. 2010కి ముందు లండన్‌లో దాదాపు 30 ఆసుపత్రులు పక్షవాతం పేషెంట్లను చేర్చుకునేవి. మెదడులో రక్తం గడ్డ కట్టినప్పుడు దాన్ని కరిగించే మందు గంటల్లో పడాలి, దానికి ముందు స్కాన్ కావాలి, చదవగలిగిన డాక్టర్ కావాలి. అన్ని చోట్లా ఇరవై నాలుగు గంటలూ ఇది సాధ్యం కాదు. అందుకని 8 కేంద్రాలను ఎంచుకున్నారు. అంబులెన్స్ దగ్గరున్న ఆసుపత్రిని దాటుకొని నేరుగా వాటికే వెళ్లాలి. మొదటి మూడు రోజులు గడిచాక పేషెంట్ సొంత ప్రాంతం ఆసుపత్రికి వస్తాడు. 90 రోజుల్లో మరణాలు, దేశంలో మిగతా చోట్ల తగ్గినదానికి మించి, ఇంకో 1.1 శాతం పాయింట్లు తగ్గాయి. ఆసుపత్రిలో ఉండే రోజులూ తగ్గాయి.

అదే ఏడాది గ్రేటర్ మాంచెస్టర్ కూడా ఇలాంటి మార్పే చేసింది, కాకపోతే సగం సగం. లక్షణాలు మొదలై నాలుగు గంటలు దాటని పేషెంట్లనే కేంద్రాలకు పంపమన్నారు. మిగతావాళ్లు మామూలు ఆసుపత్రులకే. రోజులు తగ్గాయి కానీ మరణాల్లో లండన్‌లో కనిపించినంత మార్పు కనిపించలేదు. నియమంలో మెలిక పెట్టేసరికి అంబులెన్స్ సిబ్బంది ప్రతిసారీ గడియారం చూసి తేల్చుకోవాల్సి వచ్చింది, కేంద్రాలకు చేరేవాళ్లు తగ్గారు. 2015లో మాంచెస్టర్ కూడా అందరినీ కేంద్రాలకే పంపడం మొదలుపెట్టింది. ఆ తర్వాత అక్కడి కేంద్రాల్లో చికిత్స పొందినవాళ్లలో మరణాలు తగ్గాయి.

లండన్‌లో ఇది సాగడానికి కారణం దూరాలు తక్కువ కావడం. ఏ ఇంటి నుంచైనా దాదాపు అరగంటలో అంబులెన్స్ ఏదో ఒక కేంద్రానికి చేరేలా లెక్క వేసుకున్నారు. పల్లెలు దూరదూరంగా ఉన్నచోట ఇదే నమూనా దారిలోనే ప్రాణం తీయవచ్చు. ప్రాణం సంగతి అలా ఉంచితే, జనం మనసు కూడా లెక్కలోకి రావాలి. 1999లో అమెరికాలో ఒక సర్వేలో 100 మందిని అడిగారు. క్లోమ గ్రంథి ఆపరేషన్‌లో దూరపు పెద్దాసుపత్రిలో చావు ప్రమాదం 3 శాతం, ఊరి ఆసుపత్రిలో 6 శాతం అనుకోండి, ఎక్కడ చేయించుకుంటారు? 45 మంది ఊళ్లోనే అన్నారు. ఇంటివాళ్లు రోజూ వచ్చి చూడగలగడం, తెలిసిన డాక్టర్, తెలిసిన ముఖాలు. దీన్ని తెలియనితనం అని కొట్టిపారేయడం తేలిక, సబబు మాత్రం కాదు.

కొన్ని దేశాలు కనీస సంఖ్యను నియమంగా పెట్టాయి. నెదర్లాండ్స్‌లో క్లోమ గ్రంథి ఆపరేషన్లు ఏడాదికి కనీసం 20 చెయ్యాలని పెట్టారు. జర్మనీలో మోకీలు మార్పిడికి 50. ఉద్దేశం మంచిదే. కానీ ఏడాది చివరికి 48 దగ్గర ఆగిన ఆసుపత్రి ముందున్న ఆలోచనను ఊహించుకోవచ్చు. ఇంకొన్నాళ్లు మాత్రలతో, వ్యాయామంతో నెట్టుకురాగలిగిన ఒక మోకీలు అప్పుడు కత్తి కిందికి రావచ్చు. సంఖ్య నాణ్యతకు గుర్తుగా పనికొస్తుంది కానీ సంఖ్యనే లక్ష్యంగా పెడితే ఆ గుర్తు పాడవుతుంది. క్లోమ గ్రంథి లాంటి అరుదైన, ప్రమాదకరమైన ఆపరేషన్లకు ఈ భయం తక్కువ, ఎందుకంటే అవసరం లేకుండా ఎవరూ వాటి జోలికి పోరు. మోకీళ్లకు అలా కాదు.

ఎక్కడా పెద్దగా లెక్కకు రాని ఖర్చు ఇంకోటుంది. హెర్నియా, పిత్తాశయం, మామూలు తుంటి మార్పిడి వంటివి సర్జరీ నేర్చుకునే యువ డాక్టర్లకు తొలి మెట్లు. తేలిక కేసులన్నీ ప్రత్యేక కేంద్రాలకు తరలిపోతే, శిక్షణ ఇచ్చే ఆసుపత్రిలో మిగిలేవి బరువైన కేసులే. ఇంగ్లండ్‌లో తేదీ ఇచ్చి చేసే ఆపరేషన్లను ప్రైవేటు కేంద్రాలకు అప్పగించినప్పుడు సర్జన్ల సంఘాలు లేవనెత్తిన అభ్యంతరాల్లో ఇదొకటి. శిక్షణకు అయ్యే సమయం ఏ ఆసుపత్రి బిల్లులోనూ కనిపించదు. కాబట్టి దాన్ని వదిలించుకున్న ఆసుపత్రి చవకగా, చురుకుగా కనిపిస్తుంది.

హెర్నియా ఎప్పుడూ తేదీ ఇచ్చి రాదు. బయటికొచ్చిన పేగు మెలిపడి, రక్తం ఆగి, పేగు కుళ్లిపోయే స్థితికి చేరే పేషెంట్లు ఉంటారు. వాళ్లకు బరువు తగ్గి రమ్మని చెప్పే సమయం ఉండదు. వాళ్లు అర్ధరాత్రి వచ్చేది జనరల్ ఆసుపత్రి ఎమర్జెన్సీకే. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సర్జన్ అంతకుముందు పగటి పూట, తొందర లేకుండా, పక్కన సీనియర్ నిలబడి చూస్తుండగా ఎన్ని మామూలు హెర్నియాలు చేసి ఉంటాడన్నది ఆ పేషెంట్‌కు చాలా పెద్ద విషయం.